కాదనలేక

నెల్లూరు, జూన్ 24

ప్రియమైన అన్నకు,

ఈరోజు మొదటి వింత ఏమిటంటే, మా ఇంగ్లీషు ఆండ్రూ సార్ క్లాసులోకి వస్తూనే తెలుగులో మాట్లాడారు. కాలేజీ తెరిచి మూడు వారాలైంది. ఆయన నోట తెలుగు ముక్క వినడం ఇదే మొదలు. వెనక బెంచీ వాళ్ళు నిద్ర కూడా మానుకున్నారు. "నిన్న నాకు బస్సు పోయింది. దీన్ని ఇంగ్లీషులో చెప్పండి" అన్నారు. అందరికంటే ముందు నేనే చెయ్యెత్తి "ఐ లాస్ట్ ద బస్" అన్నాను. ఆయన జేబులు రెండూ తడుముకుని, "అంత పెద్ద బస్సు నా జేబులోంచి ఎట్ట జారిపోయిందమ్మా?" అన్నారు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను గానీ చెవులు కాలిపోయాయి.

తర్వాత ఆయన బోర్డు మీద 'పోయింది' అని రాసి కింద జాబితా మొదలుపెట్టారు. చెప్పు పోతే లాస్ట్. బస్సు పోతే మిస్. పాలు పోతే స్పాయిల్. మనిషి పోతే పాస్ అవే. పుట్టినప్పటి నుంచి మనం ఒక్క మాటతో సంసారం నడిపేస్తున్నాం. వాళ్ళు మాత్రం ఒక్కో పోవడానికి ఒక్కో మాట పెట్టుకున్నారు. పైగా అన్నీ దగ్గర దగ్గర అర్థాలే. దూరం నుంచి చూస్తే ఒకటే అనిపిస్తాయి, కవల పిల్లల్లాగా. వాళ్ళమ్మ మాత్రం చీకట్లో కూడా గుర్తుపడుతుంది.

అన్నా, నాకు ఈ పిచ్చి పట్టింది. ఒక పొడుగు నోటుబుక్కు కొన్నాను. పేజీకి ఒక తెలుగు క్రియ, దాని కింద అది ఇంగ్లీషులో ఎన్ని ముక్కలవుతుందో. 'చూడు' మూడయింది. 'చెప్పు' ఐదు దాటింది. లైబ్రరీ నిఘంటువు బయటికి ఇవ్వరు కాబట్టి టిఫిను తొందరగా ముగించి అక్కడికే పరిగెత్తుతున్నాను.

ఆదివారం అమ్మతో ఫోన్లో మాట్లాడే ఐదు నిమిషాలూ వార్డెన్ మేడమ్ పక్కనే నిలబడి గడియారం చూస్తుంటుంది. ఇవన్నీ అప్పుడు చెప్పలేను. మిగతా రోజుల్లో మాకు ఫోన్లు లేవు. అందుకే ఈ ఉత్తరం. నువ్వూ రాయి. పదో తరగతి దాకా చదివినా నీ చేతిరాత నాకంటే బాగుంటుంది. ఇంకొకటి, మీ కంపెనీలో ఇంగ్లీషు కాగితం ఏదైనా కావాల్సొస్తే బజార్లో వాళ్ళ చేతికివ్వకు. నాకు పంపు.

నీ చెల్లెలు
సుభాషిణి


ముత్తుకూరు, జూలై 3

ఇంగ్లీషు పండితురాలు సుభాషిణి గారికి,

తమరి లేఖ అందింది. అమ్మకు చదివి వినిపించాను. బస్సు దగ్గర ఆపి, "పోయింది అంటే పోయింది. దానికి మళ్ళా బడా?" అనింది. నాయన మాత్రం వల బాగుచేసుకుంటూ రెండోసారి చదవమన్నాడు. చదివాక ఏమీ అనలేదు. అంటే బాగుందని.

నా సంగతి మామూలే. పొద్దున ఆరింటికి గేటు పాసు చూపించి పోర్టు లోపలికి పోతాను. లాంచి కడుగుతాను, తాడు విసురుతాను, ఓడ మీదికి పోయే మనుషుల్ని చెయ్యి పట్టుకుని ఎక్కిస్తాను. ముందు వైపు తాడు నాతో పనిచేసే సమాధానం అన్న చూసుకుంటాడు, వెనక వైపు తాడు నాది. సరంగు పక్కన నిలబడి చక్రం ఎప్పుడెంత తిప్పుతున్నాడో చూస్తుంటాను. మా సూపర్‌వైజర్ కిషోర్ బాబు నన్ను చూసి, "ఏందిరా ముఖేషూ, చూపులతోనే లాంచి నడిపేస్తా ఉండావే" అంటాడు.

నిజమే. డిసెంబరుకు ఈ పనిలో చేరి రెండేళ్ళవుతుంది. రెండేళ్ళు చేసినట్టు కంపెనీ ఒక కాగితం రాసిస్తే సరంగు పరీక్షకు కూర్చోవచ్చు. పాసయితే చక్రం నా చేతికొస్తుంది. నాయన లాగా తెడ్డుతో కాదు. అంతకంటే నాకేమీ అక్కర్లేదు మే సుభా. ఈ మాట ఇంట్లో కూడా చెప్పలేదు. నీ నోటుబుక్కులో రాసుకుంటావేమో, రాసుకోవద్దు.

నీ అన్న
ముఖేష్


ముత్తుకూరు, జూలై 29

సుభాకు,

ముందుగా, నాకేమీ కాలేదు. అమ్మ ఆదివారం ఫోన్లో కంగారుపడితే భయపడవద్దు.

నిన్న సోమవారం జెట్టీ దగ్గర ప్రమాదం జరిగింది. సరంగు జ్వరమని రాలేదు. లాంచి నేను నడిపాను. సమాధానం అన్న కుడి కాలు లాంచికీ జెట్టీ గోడకీ మధ్య పడింది. నెల్లూరు పెద్దాసుపత్రిలో ఉన్నాడు. పాదం ఉంటుందో ఉండదో ఇంకా చెప్పలేదు. ఆయన అరుపు ఇంకా నా చెవుల్లో ఉంది.

కంపెనీ వాళ్ళు జరిగింది రాసివ్వమన్నారు. పైవాళ్ళు చదవాలి కాబట్టి ఇంగ్లీషులోనే కావాలట. పది రోజుల గడువు ఉంది. కింద తెలుగులో రాశాను. నువ్వు ఇంగ్లీషు చేసి పంపు, సంతకం పెట్టి ఇస్తాను.

"ఆ రోజు సరంగు రాలేదు. కిషోర్ బాబు గారు లాంచి నన్ను తీసుకుపొమ్మన్నారు. నాకు సరంగు కాగితం లేదని చెప్పాను. పరవాలేదు, తీసుకుపొమ్మన్నారు. ఆయన మాట కాదనలేక ఆ బాధ్యత ఒప్పుకున్నాను. తిరిగి వచ్చేటప్పుడు జెట్టీ దగ్గర నీటి వడి ఎక్కువగా ఉండి లాంచి ముందు భాగం పక్కకు తిరిగింది. సమాధానం కాలు నలిగింది. లాంచి గోడకు గుద్దుకోకుండా జెట్టీకి కట్టే టైర్లు అక్కడ లేవు."

ఇంతే. ఎక్కువ తక్కువలు లేకుండా రాయి.

ముఖేష్


నెల్లూరు, ఆగస్టు 2

ప్రియమైన అన్నకు,

సమాధానం అన్న గురించి చదివి చాలా బాధపడ్డాను. నువ్వు క్షేమంగా ఉన్నందుకు మా హాస్టల్ అమ్మాయిలందరూ దేవుడికి దండం పెట్టుకున్నారు, నిన్నెప్పుడూ చూడకపోయినా.

కాగితం ఇందులో పెట్టాను. మూడుసార్లు రాసి, బాగా వచ్చినది పంపుతున్నాను. సార్‌కు చూపించలేదు. నా సొంతంగా చేయాలనుకున్నాను. ఒక్కో మాటా ఎలా ఎంచానో నీకు తెలియాలి.

'తీసుకుపొమ్మన్నారు' అన్న దానికి చాలా ఉన్నాయి. టెల్, ఆస్క్, ఆర్డర్, రిక్వెస్ట్. ఆర్డర్ అంటే హోటల్లో దోసె చెప్పినట్టుంది. కిషోర్ బాబు నీకు పైఅధికారి, నువ్వు 'గారు' అని రాశావు. గారుకు ఇంగ్లీషులో మాట లేదు కదా, ఆ గౌరవాన్ని క్రియలో పెట్టాను. రిక్వెస్టెడ్ అని రాశాను. మనం సెలవు చీటీలో రాసేదీ అదే. అంతకంటే మర్యాదైన మాట ఇంగ్లీషులో లేదు.

'ఒప్పుకున్నాను' దగ్గర ఒక సాయంత్రమంతా కూర్చున్నాను. నిఘంటువులో మూడు పక్కపక్కనే ఉన్నాయి, అగ్రీ, యాక్సెప్ట్, అడ్మిట్. అగ్రీ అంటే చేపల బేరం కుదిరినట్టుంది. యాక్సెప్ట్ అంటే ఫోన్లో వేలితో నొక్కేది. అడ్మిట్ మాత్రం ఎంత గంభీరంగా ఉందో చూడు. ఈ కాలేజీలో నన్ను చేర్చుకున్నప్పుడు వాడిన మాట అదే, అడ్మిషన్. ఆసుపత్రిలో చేర్చుకున్నా అడ్మిటే. లోపలికి తీసుకోవడం. నువ్వు ఆ బాధ్యతను నీలోకి తీసుకున్నావు. 'ఐ అడ్మిట్ ద రెస్పాన్సిబిలిటీ' అని రాశాను. పైకి చదువుకుంటే నాకే ఒళ్ళు పులకరించింది.

ఒకటి రెండు చోట్ల వాక్యం కుదించాను. తక్కువ మాటల్లో చెప్పడమే ఇంగ్లీషుకు అందమని సార్ అంటారు.

చదివినవాళ్ళు ఎవరు రాశారని అడిగితే నా పేరు చెప్తావు కదూ?

నీ చెల్లెలు
సుభాషిణి


ముత్తుకూరు, ఆగస్టు 12

సుభాకు,

కాగితం అందింది. సంతకం పెట్టి ఇచ్చాను. ఇంగ్లీషు బాగుందన్నారు. ఎవరు రాశారని అడిగారు. చెప్పాను.

సమాధానం అన్న పాదం ఉంటుందన్నారు. రెండు వేళ్ళు తీసేశారు.

నువ్వు చదువుకో. పరీక్షలు ఉన్నాయని అమ్మతో అంటివంట కదా. నాకు పని ఎక్కువగా ఉంది, మాటిమాటికి రాయలేను.

ముఖేష్


నెల్లూరు, సెప్టెంబరు 4

అన్నా,

నాకు వెంటనే జవాబు రాయి. రెండు ఆదివారాలుగా అమ్మను అడుగుతున్నాను, ముఖేషన్న పనికి పోతున్నాడా అని. "పోతా ఉండాడు, పోతా ఉండాడు" అని రెండుసార్లు అంటుంది. ఒక్కసారి అంటే నమ్మేదాన్ని.

ఈరోజు క్లాసులో ఆండ్రూ సార్ బోర్డు మీద 'ఒప్పుకున్నాడు' అని రాశారు. నాకు సంతోషమేసింది, నాకు తెలిసిన మాట వచ్చిందని. సార్ అడిగారు, "పెళ్ళికొడుకు ఒప్పుకున్నాడు. ఏ మాట?" ఎవరో అగ్రీ అన్నారు. "ఇచ్చిన బహుమతి పుచ్చుకోవడానికి ఒప్పుకున్నాడు. ఏ మాట?" యాక్సెప్ట్. "పోలీసుస్టేషన్లో దొంగ ఒప్పుకున్నాడు. ఏ మాట?"

నేను చెయ్యెత్తలేదు.

"అడ్మిట్. తప్పు చేసినవాడు, దాచిపెట్టి దాచిపెట్టి, ఇక దాచలేక బయటపెట్టడం. కాలేజీ అడ్మిషన్ వేరే గదిలో ఉండే మాట. దాన్ని తెచ్చి ఇక్కడ కూర్చోబెట్టొద్దు" అన్నారు సార్. నా కళ్ళలోకి చూసి అన్నట్టే అనిపించింది. ఆయనకేం తెలుసు పాపం.

నువ్వు చెప్పింది పనికి ఒప్పుకున్నానని. నేను రాసింది తప్పు ఒప్పుకున్నానని. అన్నా, ఆ కాగితం ఎవరి దగ్గర ఉంది? వెనక్కి తీసుకోవచ్చా? వేరేది రాస్తాను. నీకేమైనా జరిగిందా? దాచకుండా చెప్పు.

సుభా


ముత్తుకూరు, సెప్టెంబరు 13

సుభాషిణికి,

అడిగావు కాబట్టి చెప్తున్నాను. ఆగస్టు పద్నాలుగున నా గేటు పాసు తీసేసుకున్నారు. నెల నుంచి నాయనతో వలకు పోతున్నాను. నీకు అబద్ధం చెప్పమని అమ్మతో అన్నది నేనే.

ఆ కాగితం ఇచ్చిన రోజు ఏం జరిగిందో కూడా విను. ఆఫీసులో టైపు చేసే ఉష మేడమ్ ముందు చదివింది. చదివి నన్ను పక్కకు పిలిచింది. "తమ్ముడూ, ఈ అడ్మిట్ అనే మాట ఈడ వద్దు. కొట్టేసి అగ్రీడ్ అని రాసియ్యి. నేను చూడనట్టు ఉంటాను" అనింది. కలం కూడా ఇచ్చింది. నేనేమన్నానో తెలుసా? "మేడమ్, రాసింది మా చెల్లెలు. నెల్లూరులో చదవతా ఉండాది. మీరేం దిద్దబళ్ళేదు" అన్నాను. ఆమె ముందే సంతకం పెట్టాను. ఉష మేడమ్ కలం వెనక్కి తీసుకుంది.

రెండో రోజు కిషోర్ బాబు పిలిచి, "నువ్వే ఒప్పుకున్నావు కదరా, ఇంక నేను చేసేదేముండాది" అన్నాడు. బాధపడినట్టు మొహం పెట్టాడు. జెట్టీకి టైర్లు లేవన్న సంగతి ఎవరూ ఎత్తలేదు.

దసరా సెలవుల్లో సెప్టెంబరు 29న విచారణ పెట్టారు. కాగితం రాసిన మనిషిని కూడా రమ్మన్నారు. నువ్వెట్లాగూ ఇంటికొస్తావు, రా.

'నీ తప్పు కాదులే' అని రాద్దామని మొదలుపెట్టాను ఈ ఉత్తరం. మూడుసార్లు కూర్చున్నాను. రాయలేకపోతున్నాను.

ముఖేష్


నెల్లూరు, అక్టోబరు 7

అన్నకు,

సెలవులు అయిపోయి హాస్టలుకు వచ్చి మూడు రోజులైంది. ఇంట్లో ఉన్న వారం రోజులూ నువ్వు నాతో మాట్లాడింది లెక్కపెడితే నాలుగు మాటలు. అందులో రెండు "అన్నం తిను". అయినా నీ ఎదురుగా చెప్పలేనిది ఇక్కడికొచ్చి రాస్తున్నాను.

విచారణ రోజు నిన్ను బయట కూర్చోబెట్టి నన్ను లోపలికి పిలిచారు కదా. బయటికొచ్చాక "చూస్తామన్నారు" అని చెప్పాను. వాళ్ళు ఆ మాట అననే లేదు. జరిగింది ఇది.

పెద్దాయన ఒకాయన, ఆయన పక్కన కిషోర్ బాబు. నాకు కుర్చీ వేశారు, నీళ్ళిచ్చారు. పెద్దాయన కాగితం చూపించి, "ఇది నువ్వే రాసినావా పాపా? ఇంగ్లీషు బాగుండాది" అన్నాడు. ఇంత జరిగినా ఆ మాటకు నాలో ఎక్కడో సంతోషం కదిలింది. నన్ను నేను అసహ్యించుకున్నది అప్పుడే.

అడ్మిట్ గురించి చెప్పాను. అగ్రీ అని రాయాల్సింది సార్, పనికి ఒప్పుకున్నాడు, తప్పుకు కాదు అన్నాను. ఆయన తల ఊపాడు. "సరే, అట్లనే అనుకుందాం. అగ్రీడ్ అనే రాసుకుందాం. పనికి ఒప్పుకున్నాడు. ఎవురు ఒప్పుకోమన్నారు?"

"కిషోర్ బాబు గారు."

కిషోర్ బాబు నవ్వి, కాగితం మీద వేలు పెట్టాడు. "పాపా, ఈడ చదువు. రిక్వెస్టెడ్ అని నువ్వే రాసినావే. నేను బతిమాలుకున్నానంట. సరంగు కాగితం లేదన్నోడు, బతిమాలితే కుదరదని కూడా చెప్పొచ్చు కద మీ అన్న?"

"మర్యాదకు రాశాను సార్" అన్నాను.

"ఎవురి మర్యాదకు?"

"మీ మర్యాదకే."

ఇద్దరూ నవ్వారు. చెడ్డగా కాదు, చిన్నపిల్లను చూసి నవ్వినట్టు. నేను వదలలేదు. "మా అన్న చెప్పాడు సార్, మీ మాట కాదనలేక ఒప్పుకున్నానని" అన్నాను. పెద్దాయన కళ్ళద్దాలు పెట్టుకుని కాగితం పైనుంచి కిందికి చదివాడు. "కాదనలేక అని ఈడ యాడుండాదమ్మా?"

లేదు అన్నా. అది ఆ కాగితంలో లేదు.

ఇది నీకు ఇన్నాళ్ళూ చెప్పలేదు. 'కాదనలేక' దగ్గర నాకు మూడు మాటలు దొరికాయి, రెఫ్యూజ్, రిజెక్ట్, డినై. ఏది ఎక్కడ వాడాలో తేల్చుకోలేకపోయాను. తప్పు రాస్తే నవ్వుతారని భయపడ్డాను. బస్సు మాటకు క్లాసంతా నవ్వారు చూడు, అట్లా. అందుకని ఆ ముక్క వదిలేశాను. వదిలేసి, వాక్యం కుదించానని నీకు గొప్పగా రాశాను. తెలియని మాట రాసి ఉంటే అయినా ఎవరో ఒకరు ఇదేమిటని అడిగేవాళ్ళు. లేని మాటను ఎవరూ అడగరు.

నీ తెలుగు ఉత్తరం తీసి చూపించాను. పెద్దాయన తిప్పి చూసి, "సంతకం దీని మీద కద ఉండేది. అది మీరు నిన్న రాసుకున్నా రాసుకోవచ్చు" అన్నాడు. తర్వాత, "అంత ముఖ్యమైన మాట ఎందుకు వదిలేసినావు?" అని అడిగాడు.

"మాట దొరకలేదు సార్" అన్నాను.

అది చెప్పి బయటికొచ్చాను. నువ్వు టీ అంగడి దగ్గర నిలబడి నా మొహం వైపు చూశావు. "చూస్తామన్నారు" అన్నాను.

క్షమించమని అడగడం లేదు. నీకు తెలియాలని రాశాను.

సుభాషిణి


ముత్తుకూరు, అక్టోబరు 16

సుభాషిణికి,

నీ ఉత్తరం, కంపెనీ ఉత్తరం ఒకే రోజు వచ్చాయి. పోస్టుమేను, "ఏమబ్బయ్యా, రెండు రెండు" అన్నాడు.

కంపెనీ వాళ్ళ దాంట్లో నాకర్థం కాని మాట ఒకటుంది. ఈసారి నీకు పంపకుండా ఉష మేడమ్ ఇంటికే పోయి అడిగాను. రిలీవ్డ్ అట. నన్ను రిలీవ్ చేశారు. అదేంది మేడమ్, రిలీఫ్ అంటే నొప్పి తగ్గడం కదా, టీవీలో తైలానికి చెప్తారు అన్నాను. ఆమె తలుపు దగ్గరికేసి వచ్చి చెప్పింది. "మొదట డిస్మిస్ అని టైపు కొట్టించినారు. అది కొట్టేసి టర్మినేట్ అన్నారు. అదీ వద్దని, రిలీవ్ అని మార్పించినారు. మూడుసార్లు కొట్టినాను తమ్ముడూ. ఈ మాటయితే నువ్వు యాడికి పోయినా వాళ్ళని అడిగేదానికి ఉండదంట."

చూశావా? వాళ్ళు కూడా నీలాగే మూడు మాటలు పక్కపక్కన పెట్టుకుని ఎంచారు. వాళ్ళకు దొరికింది.

రెండేళ్ళు నిండలేదు కాబట్టి కాగితం ఇవ్వరు. చేసినన్నాళ్ళకు ఇచ్చినా అందులో జూలై సంగతి ఉంటుంది. సరంగు పరీక్ష మాట ఇక నా దగ్గర ఎత్తవద్దు.

సమాధానం అన్న ఇంటికొచ్చేశాడు. మొన్న చూసి వచ్చాను. కట్టు కట్టిన కాలు మంచం మీద చాపుకుని, నా చెయ్యి పట్టుకుని, "నువ్వే ఒప్పుకున్నావంట కద అబ్బయ్యా. ఇంకొకడైతే తాడు పట్టుకోను రాలేదని నా మీదికే నెట్టేసి ఉండును. మంచోడివిరా" అన్నాడు. వాళ్ళావిడ నాకు కాఫీ ఇచ్చింది. తాగి వచ్చాను.

కిషోర్ బాబు నన్ను లాంచి తీసుకుపొమ్మన్నప్పుడు సమాధానం అన్న అక్కడే తాడు చుడుతున్నాడు. ఆ మాటలన్నీ ఆయన చెవిన పడ్డాయి. నువ్వు ఈ ఆలోచన చేస్తావని తెలిసే ముందుగా చెప్తున్నాను. ఆయన కాలు ఇప్పటికీ కంపెనీ వాళ్ళే చూపిస్తున్నారు. శనివారం శనివారం వాళ్ళ జీపే నెల్లూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయి కట్టు మార్పించి తెస్తుంది. ఆయన నోరు తెరవడు. తెరవమని నేను అడగను. నువ్వు కూడా అడగవద్దు.

నా పని నా చేతిలో ఉన్నంత కాలం బాగానే ఉంది. ఇంగ్లీషులోకి పోయినాక నాది కాకుండా పోయింది. నువ్వు చదువుకో. నిజంగానే చెప్తున్నాను, చదువుకో. నా గురించి మాత్రం ఇక ఏదీ రాయవద్దు, ఏ భాషలోనూ.

ముఖేష్


నెల్లూరు, అక్టోబరు 24, శుక్రవారం

అన్నకు,

నువ్వు వద్దన్న పనే చేయబోతున్నాను. ఈ ఉత్తరం నీకు అందేటప్పటికి అయిపోయి ఉంటుంది. ఆపుతావని ముందుగా చెప్పడం లేదు.

నీ ఉత్తరం వచ్చిన రోజు నుంచి నోటుబుక్కు తెరవలేదు. ఆండ్రూ సార్ స్టాఫు రూముకు పిలిచి ఏమయిందని అడిగారు. అంతా చెప్పాను. ఆయన సారీ అనలేదు, ధైర్యం చెప్పలేదు. చివరికి తెలుగులో, "నా దగ్గరికి తెచ్చుండొచ్చు కదమ్మా ఆ కాగితం" అన్నారు. నేనే రాశానని చెప్పుకోవాలని తేలేదు సార్, అన్నాను. ఆయన మొహం తిప్పుకున్నారు.

కార్మిక శాఖ ఆఫీసులో తెలుగులో రాసిచ్చినా తీసుకుంటారని సారే కనుక్కుని చెప్పారు. ఇది మూడు నెలల కిందట మనిద్దరికీ తెలిసుంటే బాగుండేది. నీ వైపు నుంచి సాక్షి ఉంటే తప్ప ఒట్టి కాగితం నిలవదని కూడా చెప్పారు.

సమాధానం అన్న నోరు తెరవడని నువ్వన్నది నిజమే కావచ్చు. కానీ ఆయన నిన్ను మంచోడివని అంటున్నది నువ్వు చేయని తప్పును ఒప్పుకున్నందుకు. ఆ తప్పును నీ నోట్లో పెట్టింది నేను. కనీసం ఆ ముక్క ఆయనకు చెప్పాలి. వినేసి, అయినా నేనేమీ వినలేదమ్మా అంటే, తిరిగి వచ్చేస్తాను. ఆయన మీద కోపం పెట్టుకోను. రెండు వేళ్ళు పోయిన మనిషి మిగిలిన కాలు చూసుకోకుండా ఎట్లా ఉంటాడు?

వార్డెన్ మేడమ్ దగ్గర రేపటికి బయటికి పోయే చీటీ తీసుకున్నాను. అందులో కారణం ఇంగ్లీషులో రాయాలి. ఆసుపత్రిలో ఒకరిని అడగడానికి, అనుకుని ఆగిపోయాను. ఆస్క్, రిక్వెస్ట్, బెగ్, డిమాండ్. నాలుగూ మన అడగడమే. రేపు ఆయన ముందు నేను చేసేది వీటిలో ఏదో నాకే తెలియదు. ఇంగ్లీషు వరస ఖాళీగా ఉంచి, పక్కన తెలుగులో 'అడగడానికి' అని రాశాను. మేడమ్ చదివి, "ఏమి అడగడానికి?" అంది. "ఒక మాట" అన్నాను. సంతకం పెట్టింది.

కట్టు మార్చే గది తొమ్మిదింటికి తెరుస్తారట. జీపు ఎనిమిదిన్నర లోపే వస్తుందని అక్కడి కాపలా ఆయన చెప్పాడు, ఆండ్రూ సార్ ఫోన్ చేసి అడిగితే. డ్రైవరు బండి నిలపడానికి ఆసుపత్రి వెనక్కి పోయే ఆ కాస్త సేపే సమాధానం అన్న ఒంటరిగా ఉంటాడు. నా దగ్గర తెల్ల కాగితాలు రెండు, కలం ఒకటి ఉన్నాయి. ఆయన ఏమి చెప్తే అది, ఆయన అన్న మాటల్లోనే, ఒక్కటి కూడా మార్చకుండా రాసుకుంటాను. రేపు పొద్దున ఏడింటికల్లా హాస్టల్ గేటు దాటి, ఎనిమిదికి ఆసుపత్రి మెట్ల దగ్గర నిలబడతాను.

సుభాషిణి